జక్కవలు తాగిన చెలమ

గుణుపురం బజారులో ఎరువుల దుకాణం ముందు నుంచి వెళ్తున్నప్పుడు పురుగుమందు గుళికల సంచి వాసన తగిలిందంటే చాలు, నాకు పక్కనే చెరకురసం బండి ఉన్నా ఒక్క గుక్క దిగదు.

మా చిన్నప్పుడు వంశధార మధ్యలో మాకొక చిన్న లంక ఉండేది. పట్టా గిట్టా ఏమీ లేదు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా పెద్దలు ఏటా నీరు తగ్గాక అందులో పుచ్చపాదులు పెట్టేవారు, అంతే. శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి తాత అక్కడే తాటాకు పాక వేసుకుని ఉండిపోయేవాడు. బడి లేని రోజుల్లో నేను అంబలి చెంబు నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నడిచి వెళ్లేదాన్ని. ఎండిన నాచు వాసన, పుచ్చపూల మీద తేనెటీగలు, ఇసుక మీద చలికాలమంతా మాతోనే గడిపిన ఇటుకరంగు జక్కవ బాతులు. ఉత్తరానికి పోయే రోజులు దగ్గరపడితే వాటికి ఒకటే ఆత్రం: మెడలు ఊపుకుంటూ అరుచుకునేవి, గుంపుగా లేచి కొండదాకా వెళ్లి మళ్లీ వచ్చి వాలేవి, జతలో ఒకటి మేస్తుంటే రెండోది కాపలా కాసేది.

ఏటి నీరు తాత ముట్టేవాడు కాదు. పాక పక్కన ఇసుకలో చేత్తో చెలమ తవ్వితే తేటనీరు ఊరేది. పొద్దున్నే ముందు జక్కవలు తాగాలి, ఆ తర్వాతే ఆయన.

"పిట్ట తాగి బాగుంటే ఆ నీరు మంచిదేనమ్మీ. అయినా ఇయి మనింటి అల్లుళ్లు. అల్లుళ్లకి పెట్టకుండా మనం తింటామేటి?" అని నవ్వేవాడు.

ఆ ఏడు పాదులకి పురుగు పట్టింది. ఒక సాయంత్రం నాన్న వచ్చి, వరిమడి బురదలో చల్లినట్టే పాదుల మొదళ్లలో గుళికలు వేసి, బిందెలతో నీళ్లు పోసి వెళ్లిపోయాడు. బురద మందుని పట్టి ఉంచుతుంది, ఇసుక ఉంచదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు నేను వెళ్లేసరికి జక్కవలు చెలమ చుట్టూ మూగి ఉన్నాయి. తాగి, అన్నీ ఒక్కసారే లేచి, ఈసారి వెనక్కి తిరక్కుండా కొండ మీదుగా సాగిపోయాయి.

"సూసేవా, అల్లుళ్లు సెప్పకుండా ఎల్లిపోతన్నారు!" తాత కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని అవి చుక్కలయ్యేదాకా చూశాడు.

"మళ్లీ వత్తాయి కదా తాతా?"

"రాక ఏటి సేస్తాయే? నాను బతికుండాల గానీ."

దోసిలితో కడుపునిండా తాగాడు. నాకూ ముంచిస్తానంటూ వంగినవాడు మరి లేవలేదు. నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట. నేను అరుచుకుంటూ ఏటికడ్డంగా పరుగెత్తి నాన్నని పిలుచుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

సాయంత్రం కొండ అవతలి నుంచి పశువుల కాపరులు చచ్చిన జక్కవలని తాడుకి గుచ్చి తెచ్చారు, దారిలో రాలిపడ్డాయని, కూరకి కావాలా అని. వాటిని చూశాకే నాన్నకి అర్థమైంది.

ఇప్పుడు ఆ లంక లేదు, ఇసుక లారీలు తవ్వుకుపోయాయి. ఫాల్గుణంలో ఏటి మీద ఆకాశం ఖాళీగా ఉంటుంది. మా ఇంట్లో కుళాయి నీళ్లే. అయినా బిందె నిండగానే నాన్న ముందు తనొక గ్లాసు తాగి, అరుగు మీద కూర్చుంటాడు. పిల్లలు దాహమని ఏడ్చినా కదలడు. చాలాసేపయ్యాక మా వైపు చూసి అంటాడు:

"ఇంక తాగండి."