పులిదిండి రత్నరాజు, రత్నరాజు పులిదిండి

అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోల్ చూసే పులిదిండి రత్నరాజు తప్పు తేదీ వేసిన కాగితం మీద సంతకం పెట్టి ఎరగడు. కామా పక్కకి జరిగినా ఫైలు వెనక్కి పంపేసే రకం. ఆఫీసులో అందరూ అతనంటే విసుక్కుంటారు, ఆడిట్ వచ్చినప్పుడు మాత్రం అతని వెనకే దాక్కుంటారు. అలాంటి మనిషి పేరు ఒక చరిత్రలో రెండుసార్లు పడింది, రెండుసార్లూ తప్పుగా. పైగా ఆ చరిత్ర తన చేత్తో తనే రాశాడు. చెబితే నవ్వొస్తుంది. నవ్వండి, పర్వాలేదు.

కథ రెండువేల పన్నెండులో లైబ్రరీ నోటీసు బోర్డు దగ్గర మొదలైంది. "కాస్కేడ్ జూనియర్ హర్లింగ్ ఛాంపియన్‌షిప్. కొత్తవారికి స్వాగతం" అని ఉంది. హర్లింగంటే ఏమిటో రత్నరాజుకి తెలీదు. జూనియర్ అంటే మాత్రం తెలుసు, మన దగ్గర ఎవరిని అడిగినా పిల్లలనే చెబుతారు. ఏడేళ్ళ కూతురు జోసఫిన్‌కి కొత్త బూట్లు వేసి, జడలు బిగించి, నీళ్ళ సీసా మెడలో తగిలించి పార్కుకి తీసుకెళ్ళాడు. అక్కడ చూస్తే అందరూ గడ్డాల మగాళ్ళు, గోడలంత మనుషులు.

క్లబ్బు సెక్రటరీ మిక్ టియర్నీ, ఐర్లండ్ నుంచి వచ్చి ఇళ్ళకి పైకప్పులు వేసుకుని బతికే మనిషి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "జూనియర్ అంటే వయసు కాదయ్యా, స్థాయి. సీనియర్ల కింద, ఇంటర్మీడియట్ కింద, అట్టడుగున ఉండే పెద్దవాళ్ళ ఆట. పాపని చేర్చుకోవడం కుదరదు. నువ్వైతే సరిగ్గా సరిపోతావు" అని చేతిలో కర్ర పెట్టాడు.

కొస వెడల్పుగా తెడ్డులా ఉన్న కర్ర అది. బంతి క్రికెట్ బంతికి చెల్లెలు. నేల మీంచి లేపి గాల్లో ఉండగానే కొట్టాలి. గోలు స్తంభాల అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద నుంచి వల్లోకి పోతే గోలు, అంటే మూడు. చిన్నప్పుడు రాజోలులో బిళ్ళంగోడు ఆడిన చెయ్యి కదా, మొదటి దెబ్బకే బంతి చెట్ల అవతల పడింది. జోసఫిన్ చప్పట్లు కొట్టింది. మనిషి ఆ చప్పట్లకి పడిపోయాడు.

అక్కడే సభ్యత్వ ఫారం ఇచ్చారు. మొదటి గడిలో పులిదిండి అని, రెండో గడిలో రత్నరాజు అని రాశాడు. ఇంటిపేరు ముందు రాయకపోతే అది పేరెలా అవుతుంది? అలా నాలుగేళ్ళపాటు క్లబ్బు పుస్తకంలో అతను పులిదిండి రత్నరాజు.

ఆ నాలుగేళ్ళూ ఆట గురించి చెప్పుకోడానికేమీ లేదు. మొదటి రోజు పడిన దెబ్బ మళ్ళీ పడలేదు. బాతెల్, టకోమా, స్పోకేన్, పోర్ట్‌లండ్, ఉన్నవే నాలుగు జట్లు. బాతెల్ ప్రతి ఏడూ నాలుగోది. భార్య విమలకుమారికి ఇదంతా తలనొప్పి. "ఏమండీ, నలభై దగ్గర పడుతోంది, ఈ కర్రలేంటండీ? సండే సర్వీస్‌కి నుదుటి మీద స్టిచెస్‌తో వస్తే పాస్టర్‌గారు నన్ను అనుమానిస్తున్నారు" అనేది.

రెండువేల పదహారులో ఏం దయ కలిగిందో, బాతెల్ ఫైనల్‌కి వచ్చింది. సరిగ్గా అంతకు ఎనిమిది రోజుల ముందు సభ్యత్వాలన్నీ ఆన్‌లైన్ చేశారు. డ్రైవింగ్ లైసెన్సులో ఉన్నట్టే పేరు కొట్టమంటే రత్నరాజు బుద్ధిగా రత్నరాజు పులిదిండి అని కొట్టాడు. కంప్యూటర్ బుద్ధిగా ఇద్దర్ని లెక్కవేసుకుంది. తప్పు కామాని పట్టుకునే మనిషికి తను ఇద్దరైపోయిన సంగతి తట్టలేదు.

ఫైనల్ టకోమాతో. మొదటి సగంలో తొమ్మిదో నంబరు చొక్కాతో రత్నరాజు ఘోరంగా ఆడాడు. వేలు చిట్లి రక్తం కారుతుంటే బయటికి పంపారు. చొక్కా తడిసిపోయింది. రెండో సగంలో చేతికి కట్టు కట్టుకుని, ఖాళీగా ఉన్న పద్నాలుగో నంబరు చొక్కా తొడుక్కుని మళ్ళీ దిగాడు. పద్నాలుగు ఎవరని రిఫరీ అడిగితే, మిక్ హడావిడిలో జాబితా మీద వేలు పెట్టి చూశాడు. రత్నరాజు పులిదిండి అని కనబడింది. అదే రాసిచ్చాడు. ఆఖరి నిమిషంలో, స్కోర్లు సమానంగా ఉండగా, పైనుంచి దిగుతున్న బంతిని రత్నరాజు నేల తాకనివ్వకుండా కొట్టాడు. చాలా దూరం. బంతి అడ్డకర్ర మీదుగా వెళ్ళిపోయింది. గీత పక్కన నిలబడ్డ పదకొండేళ్ళ జోసఫిన్ "డాడీ!" అని అరిచిన అరుపు అతనికి ఇప్పటికీ చెవిలోనే ఉంది.

మూడు రోజులకి టకోమా సెక్రటరీ షేన్ డోలన్ అభ్యంతరం రాశాడు. పద్నాలుగో నంబరు ఆటగాడు సభ్యుడై ఎనిమిది రోజులే అయింది, ముప్పై రోజులు నిండాలి అని. ఛాంపియన్‌షిప్ కమిటీ విచారణ ఆదివారం ఉదయం పెట్టింది. ఆ ఉదయం తెలుగు చర్చిలో వాక్యం చదివే వంతు రత్నరాజుది. వాక్యం ఎగ్గొట్టలేక, కమిటీకి మెయిల్ రాశాడు. ఆ ఇద్దరూ నేనొక్కణ్ణే, దయచేసి గమనించగలరు అని ఎంతో మర్యాదగా రాసి, చిన్నప్పట్నుంచి అలవాటైన సంతకం పెట్టాడు, పి. రత్నరాజు అని.

కమిటీ జవాబు ఒక్క వాక్యం. "ఈ లేఖ ఇద్దరిలో ఎవరు రాశారో, లేక మూడో వ్యక్తి రాశారో స్పష్టం కానందున పరిగణించలేదు." అప్పీలుకి మూడు రోజులు గడువు. మిక్‌కి పౌరుషం పొడుచుకొచ్చి, "గడ్డి మీద గెలిచాం, కాగితం మీద అడుక్కోను" అన్నాడు. గడువు దాటిపోయింది. రెండువేల పదహారు విజేత: ఎవరికీ ఇవ్వలేదు. బాతెల్ మళ్ళీ ఫైనల్ మొహం చూడలేదు.

తర్వాత అంతా జారుడే. ఆ ఫైనల్ ఆడిన మిగతావాళ్ళంతా, ఉద్యోగాలు పోయి కొందరు, అద్దెలు భరించలేక కొందరు, జాడ తెలీకుండా వెళ్ళిపోయారు. పోర్ట్‌లండ్ మూతపడింది, స్పోకేన్ మూతపడింది, టకోమా కూడా. మిక్ గుండె ఆగి పోయాడు. ఆఖరి రెండేళ్ళూ బాతెల్ వాళ్ళు రెండు జట్లుగా విడిపోయి తమతోనే ఆడుకున్నారు. కిందటేడు ఛాంపియన్‌షిప్‌ని ఎత్తేశారు. కమిటీలో మిగిలిన ముగ్గురూ రత్నరాజుని పిలిచి, "చరిత్ర ఒక చిన్న పుస్తకంగా రాసిపెట్టు, కాగితాల పని నీకు తెలుసుగా" అన్నారు.

అతను ఒకటే అడిగాడు. "పదహారుని సరిచేయొచ్చా?"

వాళ్ళు తలకాయలు దగ్గరపెట్టి మాట్లాడుకుని, అభ్యంతరం పెట్టిన మనిషి పొరపాటైందని సంతకం చేస్తే సరేనన్నారు. రత్నరాజు ఆ రోజంతా పాట పాడుకున్నాడు. ఇంట్లో పాట విని విమలకుమారికి భయమేసింది.

షేన్ డోలన్ టకోమాలో వృద్ధుల ఇంట్లో ఉన్నాడు. ఎనభై ఒకటి. కాళ్ళు పోయాయి, జ్ఞాపకం మాత్రం నిక్షేపంగా ఉంది. రత్నరాజుని చూడగానే మొహం వెలిగింది.

"తొమ్మిదో నంబరు! వేలు ఎలా ఉంది?"

రత్నరాజుకి కళ్ళు చెమర్చాయి. "బాగుంది సర్. మీరు గుర్తుపట్టారు."

"ఎలా మర్చిపోతాను? ఏమీ అనుకోకు, నీ ఆట మాత్రం దరిద్రం. మీ రెండో అతను, పద్నాలుగు, అబ్బ! ఆ ఆఖరి దెబ్బ! అరవై ఏళ్ళలో అంత అందమైన పాయింటు చూడలేదు. ఎక్కడున్నాడిప్పుడు? నీకు తమ్ముడా?"

"అది కూడా నేనే సర్."

రత్నరాజు లైసెన్సు చూపించాడు, పాత ఫారం చూపించాడు, వేలి మీద మచ్చ చూపించాడు. ముసలాయన అన్నీ ఓపిగ్గా చూశాడు. తర్వాత అతని చేతి మీద చెయ్యి వేశాడు.

"చూడు బాబూ. నీ క్లబ్బు కోసం నువ్వు తాపత్రయపడుతున్నావు, నాకు అర్థమైంది. కానీ నేను కళ్ళతో చూశాను. ఆ దెబ్బ కొట్టినవాడు నువ్వు కాదు. చనిపోయే ముందు అబద్ధం మీద సంతకం పెట్టమనకు."

ముసలాయనలో రవ్వంత కపటం లేదు. అదే రత్నరాజుని చంపేసింది. మోసగాడైతే తిట్టి రావచ్చు. నిజాయితీపరుణ్ణి ఏం చేస్తాం? రత్నరాజు తను తెచ్చిన అరిసెల డబ్బా అక్కడే పెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చి చెబితే జోసఫిన్ మండిపడింది. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. "వాట్ నాన్సెన్స్! నేను చూశాను కదా డాడీ. ఐ వాజ్ రైట్ దేర్. నేను సైన్ చేస్తాను, పంపించు."

పంపించాడు. జవాబు వచ్చింది. సాక్షి అప్పటికి క్లబ్బు సభ్యురాలై ఉండాలి. జోసఫిన్ కాదు. ఆమెని చేర్చుకోవడం కుదరదని మొదటి రోజే మిక్ చెప్పాడు, జూనియర్ అంటే పిల్లలు కాదు కనక.

రత్నరాజు పుస్తకం పూర్తిచేశాడు. ఇరవైనాలుగు పేజీలు, ఒక్క అచ్చుతప్పు లేదు. పదహారు దగ్గర కమిటీ చెప్పిన మాటలే పెట్టాడు: "విజేత లేరు. కారణం: అర్హత లేని ఆటగాడు రత్నరాజు పులిదిండి. చూడుము: పులిదిండి రత్నరాజు." రికార్డులో ఉన్నది ఉన్నట్టు రాయాలి కదా, అతని ఉద్యోగమే అది.

జోసఫిన్ ఆఖరి పేజీ తిప్పి చూసి, "డాడీ, ప్రిపేర్డ్ బై దగ్గర బ్లాంక్ ఉంది. పేరు మర్చిపోయావా?" అంది.

"మర్చిపోలేదమ్మా. ఏది రాసినా రెండోవాడు రాశాడంటారు" అని పుస్తకాన్ని అలాగే ప్రింటుకి పంపాడు.