నేల అలిసేదాకా

ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పిన ఆ ఏడాది నాకు కోపం రాని రోజు లేదు. దమ్మపేట వైపు అడవి అంచున ఒక గిరిజన ఆశ్రమ పాఠశాలలో కాంట్రాక్టు టీచర్ని. నేను చదువుకున్నదీ అలాంటి బడిలోనే. అమెరికాలోని వర్జీనియాలో ఇంగ్లీషువాళ్ళ తొలి వలస పాఠం వచ్చింది. ఓడలు దిగినవాళ్ళకు అక్కడి నేల తెలియదు, వాన తెలియదు. బంగారం దొరుకుతుందని వచ్చి ఆకలికి మాడిపోయారు. అక్కడివాళ్ళు పెట్టిన మొక్కజొన్నతో బతికి బట్టకట్టారు. తర్వాత పొగాకు సాగు అలవడింది. ఇక తిండిగింజల మాట మరిచి వీధుల్లో కూడా పొగాకే వేశారు. దాని కోసం నదుల వెంట ఉన్న భూములన్నీ ఆక్రమించారు. కూలికి సొంత దేశపు పేదల్ని బాండు రాయించుకుని తెచ్చారు, అది చాలక ఆఫ్రికా నుంచి మనుషుల్నే కొనుక్కొచ్చారు.

పిల్లలు మొహాలు చూసుకున్నారు. ముందు బెంచీలోని పిల్ల లేచింది.

"టీచర్, గా వర్జీనియా అంటే మన తాన ఆసాములు ఏసే పొగాకేనా?"

"అవ్, గదే."

"మరి మొక్కజొన్న పెట్టినోళ్ళు ఏమయిండ్రు?"

పిల్లలు బజార్లో కొనుక్కున్న గైడులో దానికి జవాబు ఒక్క లైను. స్థానికులు క్రమంగా పడమటి ప్రాంతాలకు వెళ్ళిపోయారట. వెళ్ళిపోయారట! సంచీ సర్దుకుని చుట్టాలింటికి పోయినట్టు. నాకు ఒళ్ళు మండింది. ఆ లైను అందరిచేతా కొట్టేయించి, తరిమేశారు అని రాయించాను. సంగతి తెలిసి హెడ్మాస్టరు పిలిచాడు. "మేడమ్, సిలబస్ చెప్పండి చాలు. ఎక్కడో అమెరికా గొడవ మనకెందుకు?" అన్నాడు. ఎక్కడో అట. మా మేనమామ చేను ఆ బడి ప్రహరీ ఎక్కితే కనిపిస్తుంది.

ఆ చేను వాగు పక్కన, ఎర్రటి తేలిక నేల. నేను ఇంటర్ చదివేటప్పుడు దాని మీద కోస్తా నుంచి వచ్చిన ఒక ఆసామి కన్ను పడింది. ఆయనా ఆయన భార్యా మొదట టార్పాలిన్ డేరాలో దిగారు. ఆ ఏడు అదను తప్పిన వానకు వాళ్ళ నారుమళ్ళు కొట్టుకుపోయాయి. ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. మా అమ్మ రోజూ జొన్నగటక వండి డేరాకు మోసింది. మామ బండి కట్టి ఆమెను రోడ్డు దాకా తీసుకుపోయి దవాఖానాకు పోయే బస్సు ఎక్కించాడు. తర్వాత్తర్వాత ఆ భార్యాభర్తలు చుట్టాల దగ్గర ఈ అడవిలో ఎవరూ తోడులేకుండా నెగ్గుకొచ్చామని చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను. అందుకే ఆ గటక సంగతి ఎక్కడ సందు దొరికినా చెప్తాను.

మాది పోడు కొట్టుకుని బతికిన వంశం. కోయవాళ్ళలో మా తాతల నాటి పద్ధతి ఏమిటంటే, ఒక చోట నాలుగు పంటలు తీసి, నేల అలిసిందని తెలియగానే వదిలేసి పక్కకు పోవడం. వదిలేసిన నేలను మళ్ళీ అడవి కమ్ముకుంటుంది. అలిసిన నేలను పట్టుకుని వేలాడేవాడు వాళ్ళ దృష్టిలో బుద్ధిలేనివాడు. పోడు పోయి పట్టా చేలు వచ్చినా మామ బుర్రలో ఆ పద్ధతి చెక్కుచెదరలేదు. ఆసామి చేను కౌలుకు అడిగినప్పుడు ఆయన పెట్టిన షరతు ఒక్కటే.

"నేల అలిసేదాకా దున్నుకో. అలిసినంక ఇడిసిపెట్టు."

"అట్టాగే పెద్దాయనా. అలిసిపోయిన నేలతో నాకేం పనుంటుంది?" అన్నాడు ఆసామి, ఎంతో మర్యాదగా.

మా ప్రాంతంలో బయటివాళ్ళు భూమి కొనకూడదని చట్టం ఉంది. ఆసామికి కొనే అవసరమే రాలేదు.

చేని గట్టు మీద ఐదు ఇప్పచెట్లు ఉండేవి. అవి మా అమ్మవి. నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని పుట్టింటి ఊరికి వచ్చేసినప్పుడు, మామ ఆమెను ఆ చెట్ల కిందికి తీసుకుపోయి, "ఇవి నీయి" అన్నాడు. మా ఊళ్ళో చేను ఒకరిది, అందులోని ఇప్పచెట్టు ఇంకొకరిది కావచ్చు. ఎవరి చెట్టు ఎవరిదో ఊరంతా ఎరుగుదురు, ఎవరూ పొరపాటున కూడా ఇంకొకరి చెట్టు కింద వంగరు. ఎండాకాలం మొదట్లో అమ్మ వాటి కింద ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టి నేల అద్దంలా చేసేది. ఇక పువ్వు రాలడం మొదలైతే తెల్లవారుజామునే గంప పట్టుకుని పోయేది. ఎండబెట్టిన పువ్వు, గింజల నూనె మీదే వానాకాలం మా ఇంటి తిండీ నా చదువూ నడిచాయి.

ఆసామి చేనంతా పొగాకు వేసి, పెద్ద బ్యారన్ కొట్టం కట్టాడు. పచ్చాకును కర్రలకు అల్లి దాంట్లో వేలాడదీసి, కింద రాత్రీ పగలూ మంట పెట్టి మాగబెట్టాలి. దానికి కట్టెలు ఎంత వేసినా చాలవు. ఏడాదికేడాది అడవి అంచు వెనక్కి జరిగింది. మామ మాత్రం ప్రతి పంట తర్వాత చేలోకి పోయి, పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, "ఇంకొక్క పంటకు అలుస్తది" అనేవాడు. నాకు పిచ్చెక్కేది.

"మామా, లారీల కొద్దీ ఎరువు దింపుతుండు. బోరు ఏసిండు. అది ఎట్ల అలుస్తది?"

"ఎరువుతోని ఎన్నేండ్లు నిలబెడ్తడే? నేలకు అలుపు రాకుంట ఉంటదా?"

"వాడు అలవనియ్యడు మామా!"

"నువ్వు బళ్ళె చెప్పుకోపో," అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వుకి నాకు ఇంకా మంట.

ఆ పాఠం చెప్పిన ఏడే, పువ్వు కాలం ముందు అమ్మ చెట్ల కింద ఊడవడానికి పోయి, చీపురు అక్కడే పారేసి వచ్చింది. ఐదు చెట్లకూ మొదట్లో గొడ్డలి గాటు పెట్టి ఉంది. నరకబోయే చెట్టుకు కూలీలు పెట్టుకునే గుర్తు అది. ఇద్దరం బ్యారన్ దగ్గరికి పోయాం. ఆసామి కుర్చీ తెప్పించాడు. నేను కూర్చోలేదు.

"ఆ చెట్లు మా అమ్మవి," అన్నాను.

"చేలో చెట్టు చేనిదే కదా టీచరుగారూ. చదువుకున్నోళ్ళు, మీకు నేను చెప్పాలా? అయినా పెద్దాయన్ని అడిగే గాట్లు పెట్టించాను. కావాలంటే కనుక్కోండి."

అబద్ధమని అక్కడే అరిచాను. కూలీలు పని ఆపి చూశారు. ఆయనకు కోపం కూడా రాలేదు. మమ్మల్ని చూసి జాలిపడ్డట్టు మొహం పెట్టాడు. ఆ జాలిని నేను ఈ జన్మలో క్షమించను.

మామ ఇంటి ముందు తాడు పేనుకుంటున్నాడు. అమ్మ నేరుగా పోయి ఆయన ముందు నిలబడింది.

"అన్నా, నా చెట్లు కొట్టుకోమన్నవా?"

"అవ్, కొట్టుకోమన్న," అన్నాడు మామ, తాడు పక్కన పెట్టి. "గా చెట్ల ఆకు రాలి రాలి చేనుకు బలమిస్తున్నదే. గందుకే నేల అలుస్తలేదు. చెట్లు పోతే రెండు పంటలకు నేల సచ్చువడ్తది. వాడు పోతడు. చేను మనది మనకొస్తది. చెట్లు మళ్ళ పెంచుకోవచ్చు."

మా మామ అమాయకుడు కాడు. ఆయన ఆలోచించాడు. ఎన్నో ఏళ్ళు తిప్పి తిప్పి ఆలోచించి, తన పద్ధతిలో ఆసామిని వెళ్ళగొట్టే ఉపాయం కనిపెట్టాడు. ఆ ఉపాయానికి చెల్లెలి చెట్లు పెట్టుబడి పెట్టాడు. అలిసిన నేలను మనిషన్నవాడు వదిలేస్తాడని ఆయనకు అంత నమ్మకం. "ఒక ఇప్పచెట్టు పువ్వుకొచ్చేదాక నేను బతుకుతనా అన్నా?" అంది అమ్మ. మామ మళ్ళీ తాడు అందుకున్నాడు.

నేను మర్నాడు సెలవు పెట్టి ఎమ్మార్వో ఆఫీసుకు పోయాను. అక్కడి క్లర్కు రికార్డు చూసి, "భూమి మీ మామ పేరు మీదనే ఉంది కదమ్మా. మీదేం పోయిందని?" అన్నాడు. సంతకం పెట్టమన్నవాళ్ళు లేరు, కాగితం రాసినవాళ్ళు లేరు. చట్టం చెక్కుచెదరకుండా అలాగే ఉంది, మా చేను మాత్రం లేదు. నేను తిరిగివచ్చేసరికి మూడు చెట్లు పడిపోయాయి. మిగతా రెండూ నా కళ్ళ ముందే పడ్డాయి. మొగ్గలు కొమ్మల నిండా ఉన్నాయి. అమ్మ రాలేదు. ఆ ఏటి పొగాకంతా మా ఇప్పకట్టెల మంట మీదే మాగింది. మంచి రంగు తేలిందని ఆసామి ఊళ్ళో అందరికీ చెప్పాడు.

మామ చెప్పినట్టు నేల అలిసిందో లేదో తేలనేలేదు. తర్వాతి ఏడు ఆసామి పొగాకు మానేశాడు. ధర లేదట, కట్టెలు దొరకడం లేదట. వానలు పడగానే చేనంతా గుంటలు తీయించి పామాయిల్ మొక్కలు దించాడు. నీడ వేసే పెద్ద చెట్లు గట్టు మీద లేవు కదా, చేను తోటకు అనువుగా తయారై ఉంది. మామ పోయి గట్టు మీద నిలబడి చూశాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇది ఎన్నేండ్లు కాస్తది?" అని అడిగాడు.

"పాతికేళ్ళకు ఢోకా లేదు పెద్దాయనా," అన్నాడు ఆసామి.

మామకు అప్పటికి అరవై దాటాయి. ఈసారి మట్టి కోసం వంగలేదు. ఇంటికి వచ్చి చాలాసేపు అమ్మ గుమ్మం ముందు కూర్చున్నాడు. అమ్మ బయటికి రాలేదు. ఆ రోజుతో మామ మీద నా కోపం పోయింది. ఆసామి మీది కోపం పోలేదు. పోనివ్వను కూడా.

నాలుగేళ్ళకు తోట కాపుకొచ్చింది. గెలలు కోయడం మగవాళ్ళ పని. కోసేటప్పుడు రాలిన పండ్లు చెట్ల కింద ఏరడం ఆడవాళ్ళ పని. ఆసామి బండి మీద మా ఇంటి ముందుకు వచ్చి ఆగాడు. "చెల్లెమ్మా, రేపట్నుంచి రావాలి నువ్వు. రాలింది ఏరడంలో నీ చెయ్యి తిరిగినట్టు ఈ ఊళ్ళో ఎవరికి తిరుగుతుంది?" అన్నాడు. నిజంగానే మెచ్చుకుంటున్నాననుకున్నాడు. నేను గుమ్మంలోకి వచ్చి, దిగితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను లేచేసరికి అమ్మ లేదు. గంపా లేదు. సాయంత్రం వేళ్ళనిండా ముళ్ళు గుచ్చుకుని వచ్చింది. ఆ చేలోకే, వాడి కూలికే పోతావా అని ఊరంతా వినేట్టు అరిచాను. సిగ్గులేదా అని కూడా అన్నాను.

అమ్మ గంప దించి, నా వైపు చూసింది.

"మరి ఇంకేడ ఏరాలె?" అంది.