గంటా తొమ్మిది నిమిషాల రాణి

మా బాబాయి ఒక రాజ్యాన్ని సగంలో పీకేశాడు. పీకింది పెన్‌డ్రైవ్‌నే అనుకోండి, నష్టం మాత్రం రాజ్యానికి జరిగింది.

వైజాగ్‌లో ఓడెక్కాల్సిన రోజు పొద్దున, ఆయన ఎవరో స్నేహితుడి కంప్యూటర్లోంచి మా పిల్లల కోసం ఒక సినిమా ఎక్కించుకుంటున్నాడు. సినిమా ఇంకా ఎక్కుతూనే ఉంది, ఓడకు వేళయిపోయింది. సినిమా ఆగుతుంది గాని ఓడ ఆగదు కదా. అది తప్పితే మళ్ళీ ఓడ ఎప్పుడో ఓడల ఆఫీసు నోటీసు బోర్డుకు కూడా తెలియదు. అందుకని టక్కున పీకి జేబులో వేసుకుని, మూడు రోజులు సముద్రం మీద వచ్చి, పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, ఏమీ ఎరగనట్టు మా చేతిలో పెట్టాడు.

అప్పుడు నాకు పదేళ్ళు. అదే ఊళ్ళో డాలీగంజ్‌లో మా ఇళ్ళు ఏటవాలు మీద ఉంటాయి. పైన మా లైను, కింద ఇంకో లైను. పై లైనులో పెన్‌డ్రైవ్ గుచ్చుకునే టీవీ మా ఇంట్లో ఒక్కటే ఉండడం వల్ల, పదకొండు మంది పిల్లలం ఒకే చాప మీద ఆ సినిమా చూశాం. హిందీలోకి మార్చిన అంతరిక్షం కథ. ఒక గ్రహం ఉంటుంది. అక్కడ రాణిని ఓట్లేసి ఎన్నుకుంటారు. పదిహేనేళ్ళ పిల్ల గెలుస్తుంది. గెలిచిన వారానికే పక్క గ్రహం వాళ్ళు వచ్చి వీళ్ళ చందమామకు గొలుసులు కట్టి లాక్కుపోతుంటారు. రాణి ఎంత అరిచినా ఎవరూ వినరు. అప్పుడు ముసలి మంత్రి అంటాడు: "కిరీటం తీసెయ్ తల్లీ. పెద్ద సభలో మామూలు మెంబరుగా వెనక బెంచీలో కూర్చుని అడుగు. అప్పుడు వింటారు." రాణి కళ్ళనిండా నీళ్ళు. రెండు చేతులూ కిరీటం మీదికి వెళతాయి.

అక్కడ బొమ్మ నిలిచిపోయింది. సరిగ్గా గంటా తొమ్మిది నిమిషాల దగ్గర.

టీవీని కొట్టాం. పెన్‌డ్రైవ్ ఊదాం. బాబాయిని కూడా ఊదేవాళ్ళమే, ఆయన అప్పటికే డిగ్లీపూర్ బస్సెక్కేశాడు. మిగతా సగం ఇంటర్నెట్‌లో దించుకోవచ్చు కదా అంటారేమో. ఆ రోజుల్లో మా ద్వీపంలో సినిమా దించుకోవడం కంటే ఓడెక్కి వైజాగ్ వెళ్ళి చూసి రావడం తొందరగా అయ్యేది.

కిరీటం తీసిందా, లేదా? వారం రోజులు అదే గొడవ. ఎటూ తేలక, మిగతా కథ మేమే ఆడేద్దామనుకున్నాం. ముందు రాణి కావాలి కాబట్టి ఎన్నిక పెట్టాం. ఖాళీ పెయింటు డబ్బాలో సీసా మూతలు వేయడమే ఓటు. పక్కింటి అక్కకు ఏడు, ఒక అబ్బాయికి మూడు, నాకు ఒకటి. నా ఓటు రహస్యమే అయినా, ఎవరు వేశారో కనిపెట్టడం పెద్ద కష్టం కాలేదు.

అక్కకు అప్పుడు నిజంగానే పదిహేనేళ్ళు, పదో తరగతి. రాణి కావడానికి అదొక్కటే అర్హత. కిరీటం కోసం ఇల్లంతా వెతికితే వాళ్ళింటి చుట్టకుదురు దొరికింది. బిందె కదలకుండా తలమీద పెట్టుకునే ఆ గుడ్డ చుట్టకే మిఠాయి పెట్టెలోని బంగారు కాగితం అంటించాం. ఇందులో గొప్ప అర్థం వెతక్కండి. మా దగ్గర తలమీద నిలిచే వస్తువు అదొక్కటే. నన్ను సేనాపతిని చేశారు. సేన కూడా నేనే.

వాళ్ళ మామ్మ మోకాళ్ళు పట్టుకుని గుమ్మంలో కూర్చుని చూసేది. "ఓలమ్మా, రాణీయట! ఒలే రాణీ, రేపు నీళ్ళ రోజు. డ్రమ్ములు ఎవులు నింపుతారే, నీ మంత్రులా?"

అసలు కథ ఆ డ్రమ్ముల్లోనే ఉంది. మూడు రోజులకోసారి పొద్దున ఆరింటికి నీళ్ళొచ్చేవి, గంటన్నర ఉండేవి. మా పైలైను కుళాయికి గాలి తప్ప నీళ్ళెక్కేవి కాదు. ఈల వేసి ఊరుకునేది. అందుకని అందరం కిందికి దిగేవాళ్ళం. నీళ్ళొచ్చే కుళాయి కింది లైనులో ఉంది గనక ముందు వాళ్ళు, చివరి అరగంట మేము. అక్క వాళ్ళ నాన్న ఓడలో వంటమనిషి, నెలకోసారి కనిపించేవాడు. అమ్మ ఆసుపత్రిలో ఆయా, తెల్లారకుండానే వెళ్ళిపోయేది. మామ్మ మోకాళ్ళ సంగతి చెప్పాను. కాబట్టి బిందెలన్నీ అక్కవే. నింపి, మెట్లెక్కి, తడిబట్టలు మార్చుకుని, బడికి పరిగెత్తేసరికి మొదటి పీరియడ్ అయిపోయేది.

ఒక సాయంత్రం మా లైను చివర నీళ్ళెక్కని సిమెంటు ట్యాంకు మీద కొలువు జరుగుతుండగా అక్క మెల్లిగా చెప్పింది: "ఇంకో నాలుగు సార్లు లేటయితే హాల్ టికెట్ ఇవ్వదంట మేడమ్. పరీక్ష లేదు నాకు."

మేం చప్పున ఆట ఆపేశాం. నాలుగు సార్లంటే నాలుగు నీళ్ళ రోజులు. పన్నెండు రోజులు.

మొదట రాణి హోదాలోనే అడిగింది. కిరీటం పెట్టుకుని, బంగారు అంచు దుప్పటి కప్పుకుని, సేనను వెంటేసుకుని కింది లైనుకు దిగింది. అక్కడ తమిళులూ బెంగాలీలూ రాంచీవాళ్ళూ ఉండేవారు. అందరినీ ఏలేది కుళాయి పక్కింటి ఆంటీ. నైటీ మీద తువ్వాలు, చేతిలో గొట్టం. ఆ గొట్టం పట్టుకున్నవాళ్ళదే రాజ్యం.

"ఆంటీ, మై ఊపర్ లైన్ కీ రాణీ హూ. హమ్‌కో పహలే పానీ చాహియే." ముందు నీళ్ళు మాకే కావాలని.

ఆంటీ నవ్వలేదు. అందుకే భయమేసింది. "కిస్‌నే బనాయా రాణీ?" ఎవరు చేశారట రాణిని.

"ఎలెక్షన్ హువా ఆంటీ."

"అచ్ఛా? హమారే బచ్చోంనే ఓట్ దియా?"

మా పిల్లలు వేశారా ఓటు అని. వాళ్ళు పంతొమ్మిది మంది. ఒక్కడు కూడా వేయలేదు. దుప్పటి మడత పెట్టుకుని తిరిగొచ్చేశాం. సేన అందరికంటే ముందొచ్చేసింది.

మళ్ళీ ట్యాంకు మీద కొలువు. మావాళ్ళు యుద్ధమన్నారు. వాళ్ళ బకెట్లు దాచేద్దామని ఒకడు, గొట్టానికి చిల్లులు పెడదామని ఇంకొకడు. యుద్ధానికి వెళ్ళాల్సింది నేనొక్కదాన్నే కాబట్టి నేను శాంతి వైపు నిలబడ్డాను.

"యుద్ధం చేస్తే నాకు ముందు నీళ్ళొస్తాయేంట్రా?" అంది అక్క. "మళ్ళీ ఎలెక్షన్ పెడదాం. రెండు లైన్లూ కలిపి."

"ఓడిపోతావక్కా. వాళ్ళు ఎక్కువమంది."

"లెక్క నాకూ వచ్చులేవే."

"సినిమాలో రాణి అలా చెయ్యదు!" అన్నాడు మూడు ఓట్లవాడు, ఏడుపు గొంతుతో.

"ఏం చేసిందో నువ్వు చూశావా యార్?"

ఎవరూ చూడలేదు. సగం సినిమా వల్ల ఆ ఒక్క లాభం ఉంది.

మర్నాడు అక్క దుప్పటి లేకుండా, సేన లేకుండా కిందికి వెళ్ళింది. సేన గోడ వెనక నుంచి విన్నది. ఆంటీకి రెండో క్లాసు చదివే కూతురుంది. మా ఆట చూసినప్పట్నుంచీ ఆ పిల్లకు కిరీటం పిచ్చి పట్టి అన్నం మానేసింది. "ఆప్‌కీ బేటీ రాణీ బనేగీ ఆంటీ, పక్కా," అంది అక్క. "బదులుగా ఒక్కటే. నీళ్ళ రోజున యూనిఫాం వాలే పహలే. పైవాళ్ళా కిందవాళ్ళా అని కాదు. యూనిఫాం ఉంటే ముందు." ఆంటీ పెద్దకొడుకు కూడా ఆ రోజుల్లో బడికి ఆలస్యంగానే వెళ్ళేవాడు. ఆంటీ గొట్టాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "దేఖ్‌తే హై," అంది, చూద్దామని.

ఎన్నిక జరిగింది. ముప్ఫై మూతలు. చిన్నపిల్లకు ఇరవయ్యేడు, అక్కకు రెండు, నాకు ఒకటి. అక్క తనకు వేయొద్దని మా అందరికీ చెప్పింది. ఆ రెండూ మాట వినని వాళ్ళవి. నాది ఎప్పటిలాగే చెక్కుచెదరలేదు. అక్క చుట్టకుదురు తీసి ఆ పిల్ల తలమీద పెట్టింది. కళ్ళనిండా నీళ్ళేమీ రాలేదు. దురదగా ఉందేమో, తల గోక్కుంది.

కొత్త రాణి పాలన గురించి చెప్పకపోవడమే మంచిది. వారానికి నాలుగు పుట్టినరోజులు జరిపించుకుంది. నన్ను సేనాపతి నుంచి గుర్రానికి దించింది.

నీళ్ళ రోజు వచ్చింది. ఐదింటికే తెల్లగా తెల్లారిపోయే ఊరు మాది. అందరం దిగాం. కుళాయి దగ్గింది, ఎర్రనీళ్ళు ఉమ్మింది, బ్లీచింగ్ వాసనతో ధార మొదలైంది. ఆంటీ తన డ్రమ్మే కింద పెట్టింది. "బచ్చోం కా ఖేల్ హై," పిల్లల ఆటలే అంటోంది వెనకావిడ. అక్క యూనిఫాంలో నిలబడి ఉంది. బిందెను కాలితో ఒక జానెడు ముందుకు జరిపింది.

అప్పుడు చిన్నరాణి బోర్లించిన బకెట్ మీదికెక్కింది. కిరీటం ముక్కు దాకా జారింది. "మమ్మీ! యూనిఫాం వాలే పహలే! నహీ తో జైల్!" లేకపోతే జైలేనట.

ఆంటీ కూతురి వంక చూసింది. వరస వంక చూసింది. నవ్వాపుకోలేక డ్రమ్ము పక్కకు జరిపింది. ఆవిడ జరిపాక ఇంకెవరు జరపరు?

అక్క బిందె నింపింది. ఎత్తబోయి ఆగిపోయింది. వాళ్ళింట్లో ఉన్నది ఒక్కటే చుట్టకుదురు. అది రాణి తలమీద ఉంది.

"రాణీజీ, ఏక్ మినట్ కిరీటం దీజియే."

"నహీ దూంగీ!"

హాల్ టికెట్ అంతా ఆ ముక్కు మీద ఆగి ఉంది. చివరికి సంధి కుదిరింది. బిందె పైకి వెళ్ళేటప్పుడు కిరీటం అక్కది, కిందికి దిగేటప్పుడు రాణిది. అది పోకుండా రాణి కూడా వెంట నడుస్తుంది. అలా నాలుగు బిందెలకు నాలుగు ఊరేగింపులు. మూడోదానికి బంగారు కాగితం తడిసి ఊడిపోయింది. రాణి ఏడవలేదు. అప్పటికి ఆవిడకు మెట్లెక్కడం మీద సరదా పుట్టింది.

ఆ సాయంత్రం అక్క ట్యాంకు మీదికి వచ్చి కూర్చుంది.

"మొదటి పీరియడ్‌లో ప్రెజెంట్ అన్నానే," అంది. "మేడమ్ రెండుసార్లు తలెత్తి చూసింది."

అంతే. ఇప్పటికీ నాకు రేకుల మీద వాన మొదలైనప్పుడల్లా ఆ ట్యాంకు మీది వెచ్చని సిమెంటు, అక్క తడిజడ, కింద ఎవరింట్లోనో వేగుతున్న ఎండుచేప వాసన గుర్తొస్తాయి. నాకు ఒక్క ఓటు మించి రాని ఆ రోజుల మీద ఎందుకింత ప్రేమో తెలియదు.

హాల్ టికెట్ వచ్చింది. అక్క పాసయింది. మార్కుల సంగతి మా లైనులో ఎవరూ ఎత్తరు.

సముద్రం కింద నుంచి కేబుల్ వచ్చాక ఇంటర్నెట్‌కు కాళ్ళొచ్చాయి. కిందటేడు ఒక రోజు, పని లేక, ఆ సినిమా వెతికాను. మొత్తం ఉంది. రెండు గంటల పది నిమిషాలు. ఫోను పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క ఇప్పుడు మా వార్డు మెంబరు. ఈసారి ఓట్లు సీసా మూతలు కావు. నాకు ఒక్కటి కూడా రాలేదు, నేను నిలబడలేదు గనక. పొద్దున్నే ఎవరో నీళ్ళు రాలేదని ఫోన్ చేస్తే కుళాయి దగ్గరికి వెళ్ళి, అక్కడే గట్టు మీద కూర్చుని ఉంది.

ఇద్దరం ఆ గంటా తొమ్మిది నిమిషాల నుంచి చూశాం. రాణి కిరీటం తీయలేదు. చేతులు పైకెత్తి, కాస్త సర్దుకుంది, అంతే. ఇంతలో ఎక్కడి నుంచో వందల ఓడలొచ్చి, గొలుసులు తెంపి, చందమామను తెచ్చి మళ్ళీ ఉన్నచోటే తగిలించాయి. పూలు. జెండాలు. రాణి మేడ మీద నుంచి చెయ్యి ఊపింది. పేర్లు పడ్డాయి.

అక్క ఇంకా తెర వంకే చూస్తోంది.

"అంతేనా?"

"అంతే అక్కా."

"ఇంతకీ ఆ పిల్ల టెన్త్ రాసిందా, లేదా?"

"చూపించలేదు."

కుళాయి దగ్గింది. అక్క లేచి, చీర కొంగు దోపుకుంటూ, "అయితే సినిమా ఇంకా పూర్తి కాలేదు," అంది. "మీ బాబాయి ఎక్కడ పీకేశాడో అడుగు."