వరాసిగోదా గొర్రెల కాపరి

తార్నాక నుంచి యూనివర్సిటీ వైపు తిరిగితే, జిరాక్సు కొట్ల వరసలో నాలుగోది నరహరిది. వారాసిగూడ నుంచి రోజూ స్కూటరు మీద వచ్చి, ముప్పై మూడేళ్ళుగా థీసిస్‌లు టైపు చేస్తున్నాడు. ఇంటర్ తప్పాడు. అయితేనేం, ఆయన వేళ్ళ కింద నుంచి నూట అరవై మంది డాక్టర్లు బయటికొచ్చారు. అందులో లాటిన్ కడుపున పుట్టిన ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్‌ల మీద రాసినవాళ్ళే పద్నాలుగు మంది. లాటిన్లో పిండిని ఫరీనా అనేవారనీ, స్పెయిన్లో ఆ ‘ఫ’ నీరసించి ‘హ’ అయిందనీ, చివరికి అదీ ఊపిరి వదిలేసి అరీనా మిగిలిందనీ చపాతీలు ఒత్తుతున్న భార్యకు కూడా చెప్పాడు. ఆమె ఆ రోజు నుంచి అన్నమే వండుతోంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, స్పానిష్ మీద పరిశోధన చేస్తున్న నవత ఏడుపు మొహంతో వచ్చింది. సాయంత్రం అయిదులోగా థీసిస్ ఇవ్వకపోతే ఏడేళ్ళ రిజిస్ట్రేషన్ రద్దు. గైడు సోమయాజులు గారి సంతకం ఒక్కటే మిగిలింది.

“అంకుల్, నాలుగో చాప్టర్ల ఏం గెలికినవ్? కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ల డెబ్బై రెండు శాతం వచ్చింది. సోమయాజులు సార్ సొంత థీసిస్‌కెల్లి ఎత్తినమంట!”

నరహరి గతుక్కుమన్నాడు. డెంగ్యూతో మంచాన పడ్డ పిల్ల “ఎట్లనో నింపు అంకుల్” అని ఫోన్లో బతిమాలితే, వేళ్ళకు గుర్తున్నదంతా నింపాడు. అది ఎవరి థీసిస్‌లోదో వేళ్ళను అడగలేదు. పాత థీసిస్‌లన్నీ స్కాన్ చేసి ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించారని తెలియదు.

ఇద్దరూ స్కూటరెక్కి డిపార్ట్‌మెంటుకు వెళ్ళారు. సోమయాజులు గారు మండిపడుతున్నారు.

“ఏమ్మా, వరాసిగోదాని కూడా వదల్లేదే! స్పెయిన్ కొండల్లో ‘ఫ’ పోగొట్టుకోని ఒకే ఒక్క పల్లె! దాన్ని వెతికి పట్టుకున్నది నేను. మూడు దేశాల్లో ఉపన్యాసాలిచ్చాను. సంతకం పెట్టను గాక పెట్టను.”

నవత కళ్ళు తుడుచుకుంది. మూడున్నరయింది.

“అంత దూరం ఎందుకు సార్, ఆ ఊరు గీడనే ఉన్నది,” అన్నాడు నరహరి.

“ఎవరయ్యా నువ్వు?”

“టైపు నరహరిని సార్. తొంభై అయిదుల మీ పెండ్లికి కాకినాడ ఉరుక్కుంట, నాలుగో చాప్టర్ ఎట్లనో సర్దమన్నరు. సర్దిన. ఊరి పేరు తోచకపాయె. మా వారాసిగూడనే జర స్పానిష్ చేసిన. గాడ గొర్లు కాసుకుంట ‘ఫ’ పలుకుతడని రాసిన పెద్రో అంటే మా మేనమామ బుచ్చిరాములు.”

సోమయాజులు గారు పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు.

“ఎవరితోనన్నా అన్నావా?”

“ఇన్నేండ్లల్ల అనలే. ఇప్పుడు ఈ బిడ్డ ఏడేండ్లు మట్టిల కలుస్తయంటే...”

పండితుడి మెదడు చురుకైంది. “అమ్మాయ్, ఆ అధ్యాయాన్ని నా పేరుతో ఉల్లేఖనగా చూపించు. సాఫ్ట్‌వేర్ ఉల్లేఖనల జోలికి పోదు. నువ్వు కూర్చో నరహరీ, ఈమె థీసిస్‌లో ఒక ఫుట్‌నోట్ కొట్టు. ఆ పల్లె చూస్తామని మాద్రిద్ నుంచి ఉత్తరాలొస్తున్నాయి. ఇలా కొట్టు: ఊరు డ్యాము కింద మునిగింది. ‘ఫ’ పలికే ఆఖరి మనిషి పెద్రో మరణించాడు.”

“ఊరు మునిగితే సాలదా సార్? మామ బతికే ఉన్నడు. ఎనభై దాటినా సైకిల్ తొక్కుతడు.”

“అతను బతికుంటే మాద్రిద్ వాళ్ళు అతన్ని వెతుక్కుంటూ వస్తారు, ఈ పిల్ల గట్టెక్కదయ్యా.”

నరహరి కొట్టాడు. నాలుగుంబావుకు సంతకం పడింది. నవత కాగితాలు పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తింది.

ఇంటికెళ్ళే దారిలో నరహరి మనసొప్పక మేనమామ ఇంటి ముందు ఆగాడు. ముసలాయన సైకిలు గొలుసుకు నూనె పోస్తున్నాడు.

“ఏందిరా, గట్ల జూస్తున్నవ్?”

“ఏం లేదు మామా. ఇయ్యాల నువ్వు పోయినవ్. కాయితంల.”

బుచ్చిరాములు ఏమాత్రం కంగారుపడలేదు. “ఎట్ల పోయిన?”

“గొర్లు కాసుకుంట.”

“మరి గొర్లను ఎవనికి అప్పజెప్పినవ్రా?” అన్నాడు ముసలాయన, కోపంగా.