చాటలో నిలబడ్డ సామేలు

మా చిన్నప్పుడు గుళ్ళో అర్చన అంటే చాలు, మా పెద్దనాయనకు చెమటలు పట్టేవి... ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ దగ్గర పూజారిగారు గోత్రం అడిగి, ఇంట్లోవాళ్ళ పేర్లు అడిగేవారు. నాయన పేరు, అమ్మ పేరు, నా పేరు... అంతవరకు బాగానే ఉండేది. ఆ తర్వాత అన్న పేరు చెప్పాలి కదా. సామేలు.

వెనక వరుసలో ఎవరో ఒకరు కిసుక్కున నవ్వేవాళ్ళు. పూజారిగారు మాత్రం తల కూడా ఎత్తకుండా "సామేలు నామధేయస్య" అని చదివేసి పూలు వేసేవారు. అమ్మవారికి లేని పట్టింపు మీకెందుకు అన్నట్టుండేది ఆయన తీరు.

మాది వెలిమెల దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఇంటి దేవుడు మల్లన్న. అలాంటి ఇంట్లోకి సామేలు ఎలా వచ్చాడంటే... అదంతా మా నాయనమ్మ పుణ్యం.

అన్నకంటే ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. మా వైపు ఒక ఆచారం ఉంది. పిల్లలు దక్కని ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే, చాటలో పడుకోబెట్టి వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు, ఈ బిడ్డ మాది కాదు నీదే అని. పేరు కూడా ఆ తీసుకున్నవాళ్ళే పెట్టాలి. తర్వాత దోసెడు తవుడు పోసి వాళ్ళ దగ్గర కొనుక్కోవాలి. మృత్యువు కన్నుగప్పడం అన్నమాట.

అన్న పుట్టింది ఒక మిషన్ ఆసుపత్రిలో. నాయనమ్మ ఊరి నుంచి చాట అయితే తెచ్చింది గాని, తవుడు మరిచిపోయింది. పురుడు పోసిన సిస్టరమ్మకే చాటతో సహా బిడ్డను అప్పగించింది. ఆవిడ చూసి సామేలు అని పేరు పెట్టింది. తవుడు మరునాడు తెస్తామన్నారు. మరునాటికి సిస్టరమ్మ సెలవు మీద సొంతూరికి వెళ్ళిపోయింది... అటు నుంచి అటే వేరే ఆసుపత్రికి బదిలీ. అలా మా అన్నను కొనుక్కోకుండానే ఇంటికి తెచ్చేశారు.

అందుకే ఆ పేరు జోలికి ఎవరూ పోలేదు. అన్నకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే అమ్మ వణికిపోయేది. మనది కాని బిడ్డ, పేరు మారిస్తే దక్కడేమోనని ఆమె భయం.

అన్నను పటాన్‌చెరులో పెద్ద బడిలో వేయాల్సిన ఏడు పెద్దనాయన పట్టుబట్టాడు. మతం మారారా అని చుట్టాలు అడుగుతుంటే తల ఎత్తుకోలేకపోతున్నానని, తాత పేరు మల్లేశం పెడదామని. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాయన పెద్దనాయనకు ఎదురు చెప్పలేక, అమ్మకు నచ్చజెప్పలేక పెరట్లోకి వెళ్ళిపోయాడు. చివరికి నాయనమ్మే తేల్చింది.

"మార్సుకోండ్రి. గని ముందుగాల పిల్లగాణ్ణి కొనుక్కోవాలె. మనది గానోనికి మనమెట్ల పేరు పెడ్తం?"

వాకబు చేస్తే, సిస్టరమ్మ ఉద్యోగం అయిపోయి పటాన్‌చెరులోనే ఉంటోందని తెలిసింది. ఒక ఆదివారం అందరం బస్సెక్కాం. నాయనమ్మ చంకలో చాట, పెద్దనాయన చేతిలో తవుడు సంచి. బస్సుల చెరుగుతవా అవ్వా అని కండక్టరు కూడా ఆటపట్టించాడు.

సిస్టరమ్మ తెల్లచీరలో చర్చి నుంచి అప్పుడే వస్తోంది. మమ్మల్ని గుర్తుపట్టలేదు గాని చాటను చూడగానే గుర్తుపట్టింది. ఇక అంత పొడుగు పిల్లవాణ్ణి చాటలో ఎట్లా పడుకోబెట్టాలి? నాయనమ్మ వింటేనా... చివరికి అన్న రెండు పాదాలూ చాటలో పెట్టి నిలబడ్డాడు, చెవులు ఎర్రగా చేసుకుని. నేను నవ్వితే నా నెత్తిన ఒక మొట్టికాయ పడింది.

పెద్దనాయన ఆవిడ దోసిట్లో తవుడు పోసి, పేరు మార్చుకుంటామని నీళ్ళు నమిలాడు. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. ఇప్పుడు మీ పిల్లవాడే, మీ ఇష్టమే అంది. బయల్దేరబోతూ పెద్దనాయనే అడిగాడు, అసలు ఆ పేరే ఎందుకు పెట్టారని.

అది హెబ్రీ మాటట. సమూయేలు. మన నోళ్ళలో సామేలు అయింది. దేవుడు విన్నాడని అర్థమట... దేవుని పేరు అని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారట. వాళ్ళ గ్రంథంలో ఒక తల్లి పిల్లల్లేక గుడికి పోయి, గొంతు పైకి రాకుండా పెదాలు మాత్రం కదుపుతూ ఏడ్చిందట. తాగి వచ్చిందేమో అనుకున్నాడట అక్కడి యాజకుడు. ఆ తర్వాత పుట్టిన కొడుక్కి ఆమె పెట్టుకున్న పేరది.

"మీ కోడలు గూడ నొప్పులల్ల గట్లనే పెదాలు గదిలిస్తుండె. పక్క మంచమోళ్ళు గాలి సోకిందన్నరు. నాకు ఆ తల్లి యాదికొచ్చింది" అంది సిస్టరమ్మ. "ఈమె ఏడ్సిన ఏడుపుకు నేను పేరు పెట్టిన, గంతే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దనాయన అరుగు మీద కూలబడిపోయాడు. ఎందుకో నాకప్పుడు తెలియదు... ముందు పోయిన ఆ ఇద్దరినీ పాతగుడ్డలో చుట్టి చేని గట్టుకు మోసుకుపోయింది ఆయనేనట. గొయ్యి తవ్వింది కూడా ఆయనేనట.

అన్న భుజం పట్టుకుని పెద్దనాయన లేచాడు. "ఉండనీ. దేవుడు ఇన్నడు గద... మల్ల మార్సుడెందుకు" అన్నాడు.

ఆ దసరాకు దుర్గమ్మ గుళ్ళో పూజారిగారు అడగకముందే, పెద్దనాయన అందరికంటే ముందు అన్న పేరే గట్టిగా చెప్పాడు. వెనక ఎవరో నవ్వితే తిరిగి, ఆ పేరుకు అర్థం కూడా చెప్పాడు. నాకైతే ఆ రోజు మా పెద్దనాయన ఎంత ముద్దొచ్చాడో.

ఇప్పుడు ఆ చేను లేదు. ఆ గట్టు ఏ అపార్టుమెంటు కింద ఉందో కూడా తెలియదు. నాయనమ్మ, పెద్దనాయన, సిస్టరమ్మ... ఎవరూ లేరు. మా పిల్లలకు ఫోన్లలో వెతికి, అర్థాలు చూసి పేర్లు పెట్టుకున్నాం. అందమైన పేర్లే. కానీ వాటి వెనక ఎవరి ఏడుపూ లేదు, ఎవరి మొక్కూ లేదు. మీ పేరు ఎవరు పెట్టారు, ఏమనుకుని పెట్టారు? ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ రోజే అడిగి నాకూ చెప్పండి.

మా అమ్మకు ఇప్పుడు గొంతు పోయింది. అన్నను పిలిచినప్పుడు పెదాలు కదులుతాయి, అంతే... అన్న మాత్రం పక్క గదిలో నుంచి "వస్తున్ననే అమ్మా" అంటాడు.