ఎస్తేరమ్మకు విడి గ్లాసు

రొమ్ము క్యాన్సరుకు ఆపరేషను చేయించుకుని, ఎనిమిది నెలల తర్వాత ఎస్తేరమ్మ ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే షెడ్డుకు తిరిగి పనికి వచ్చింది. ఆమె లేనప్పుడు తోటి ఆడవాళ్ళు సభ తీరి, మహా గంభీరంగా ఒక తీర్మానం చేసి ఉన్నారు. దాని ఫలితంగా, అన్నాల వేళకు గుమ్మం పక్కన ఆమె కోసం ఒక పీట, ఒక స్టీలు గ్లాసు విడిగా వెలిశాయి. మిగతా అయిదుగురూ ఎప్పటిలాగే గుండ్రంగా కూర్చుని కూరలు పంచుకుంటున్నారు.

"ఏమనుకోబాకక్కా," అంది వాళ్ళ నాయకురాలు రమణమ్మ. "అది అంటుకుంటాదంట."

"ఏ డాక్టరు చెప్పినాడు?"

ఆ మహానుభావుడి పేరు ఎవరికీ గుర్తు రాలేదు.

ఎస్తేరమ్మకు ఒళ్ళు మండింది. ఆస్పత్రిలో గడ్డ గురించి గంటసేపు చెప్పారు గానీ, ఊళ్ళో ఉన్న ఈ వైద్యుల గురించి ఒక్కరూ హెచ్చరించలేదు.

"ఆరుసార్లు కీమో ఎక్కించినా ఏడవలా నేను. ఈ గ్లాసును చూస్తే ఏడుపొస్తా ఉండాది. భయమైతే మీరే పోయి గుమ్మంకాడ కూర్చోండి!"

పీటను కాలితో నెట్టి, రమణమ్మ పక్కన తన పాత చోట్లోనే కూలబడి, తను తెచ్చిన గోంగూర గిన్నె మధ్యలో పెట్టింది. ఎవరూ చెయ్యి చాపలేదు. ఆమె ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ తినసాగింది.

చివరికి రమణమ్మ కంచం ముందుకు జరిపింది. "అంతా నువ్వే తింటావా ఏంది?"

ఎస్తేరమ్మ వడ్డించింది. కోపం మాత్రం తగ్గించుకోలేదు.