దొరకని రింగు ముక్క

దాచుకున్నదాన్ని మనమే బయటపెట్టేదాకా ఓపిక పట్టే దేవునికి స్తోత్రం.

నా చిన్నప్పుడు దుమ్ముగూడెం దగ్గర, గోదావరి ఒడ్డున మాకు మిర్చితోట ఉండేది. తోట పూత మీదున్న రోజుల్లో నీళ్లు తోడే డీజిల్ ఇంజను గరగరమని అరిచి ఆగిపోయింది. నాలుగు రోజులకే మొక్కలు తలలు వాల్చాయి. ఆ ఏడాది మా తిండీ బట్టా ఆ తోటే.

ఇంజన్లు బాగుచేసే మా పెదనాన్న వచ్చాడు. ఆదివారాలు మా సంఘంలో ప్రార్థన నడిపించేదీ ఆయనే. పిస్టన్ బయటికి లాగితే, దాని చుట్టూ ఉండే ఇనుప రింగు ముక్కలై ఉంది. ఆ ముక్కల్ని గోనెసంచి మీద గుండ్రంగా పేర్చాడు. బొటనవేలి గోరంత ఖాళీ మిగిలింది.

సిలిండరు లోపలి గీతలు పోయేలా సానపట్టాడు. కొత్త రింగులు తొడిగాడు. అడుగున ఉన్న నూనెనంతా పాత చీరముక్కలో వడకట్టాడు. ఆ ఒక్క ముక్కా దొరకలేదు.

“అన్నా, జల్దీ బిగియ్యి. చెట్లు సచ్చిపోతున్నయ్,” అన్నాడు నాన్న.

“అది లోపల్నే ఉందనుకో, తిప్పంగనే ఇంజను మొత్తం చీరుకపోతది. దొరికేదాక బిగియ్య.”

“గోరంత ఇనుముకు గింత పట్టుదలేంది బావా?” అంది అమ్మ.

ఆ ముక్క నా పిడికిట్లో ఉంది. ఆడపిల్లలం విరిగిన గాజుముక్కలు పోగుచేసి ఆడుకునేవాళ్లం. నల్లగా వంపు తిరిగిన ఆ ముక్క కొత్తరకం గాజులా కనిపించి, ఆయన పేర్చకముందే తీసుకున్నాను. ఇప్పుడు నాన్న ముఖం చూసి పిడికిలి ఇంకా బిగించాను.

పెదనాన్న చేతులు తుడుచుకున్నాడు. “అందరు కండ్లు మూసుకోండ్రి. ప్రార్థన చేద్దాం,” అన్నాడు. ఎప్పుడూ నాలుగు మాటల్లో ముగించే మనిషి, ఆ రోజు నోవహు ఓడ దగ్గర మొదలుపెట్టాడు. ఎర్ర సముద్రం దాటించాడు. యోనాను చేప కడుపులోంచి బయటికి తెచ్చాడు. “ఇగ ఆమెన్ అను బావా,” అని అమ్మ గొణిగింది. నేను మెల్లగా పాకి ముక్కను గోనె మీద పెట్టబోయాను. అది వేళ్లలోంచి జారి అక్కడున్న పానా మీద పడి టింగుమంది.

“ఆమెన్,” అన్నాడు పెదనాన్న.

ఎవరు పెట్టారని అడగలేదు. ముక్కను ఖాళీలో అమర్చి, గుండ్రం పూర్తయ్యాక, “ఇగ బిగియ్యొచ్చు,” అన్నాడు. సాయంత్రానికి పైపులోంచి తోట కాలువలోకి నీళ్లు దూకాయి. నాన్న ఆ కాలువలోనే కూర్చుండిపోయాడు. నా గుండెల మీది బరువు ఆ నీళ్లతోనే పోయింది.

ఇప్పుడు మా ఇంట్లో ఏదన్నా కనిపించకపోతే, ఎవరు తీశారని మనవరాళ్లను అడగను. ప్రార్థన కాస్త పొడుగ్గా చేస్తాను. మీరూ నాతో ఒకసారి కళ్లు మూసుకోండి. పిడికిట్లో ఏదన్నా ఉంటే కింద పెట్టండి. తొందరేం లేదు, నేను ఆమెన్ ఆలస్యంగానే అంటాను.